పన్నెండు వందల వాట్ల పంఖా

నేను ఉద్యోగంలో రాసిన మొట్టమొదటి రిపోర్టులో ఒక పంఖా పన్నెండు వందల వాట్ల కరెంటు పుట్టించింది. ఆ సంగతి ఆ పంఖాకు మాత్రం తెలియదు. అది భువనగిరికి రెండు కోసుల దూరంలో, ఒక పల్లె చివరి వాడలో, రాతిగుండు మీద నిలబడి తనకు చేతనైనంత తిరుగుతూ ఉండేది.

ఇంజనీరింగు చదివి కొత్తగా కొలువులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటారు. నేను కట్టించిన సబ్‌స్టేషన్ల గురించి, లాగించిన లైన్ల గురించి చెబుతానని వాళ్ళ ఆశ. అవన్నీ బాగానే నడుస్తున్నాయి. బాగా నడిచేవాటి గురించి చెప్పడానికి ఏముంటుంది? అందుకని వాళ్ళకు ఈ పంఖా సంగతే చెబుతాను. వినేటప్పుడు నవ్వుతారు. వెళ్ళేటప్పుడు తమ రిపోర్టులు ఒకసారి తీసి చూసుకుంటారని నా నమ్మకం.

నిజాం పాలన చివరి సంవత్సరాలు. ఎక్కడో పెద్ద యుద్ధం నడుస్తోంది. దాని దెబ్బ మాకు పెట్రోలు రూపంలో, గాసునూనె రూపంలో తగిలేది. బస్సులు బొగ్గు మీద నడిచేవి. పల్లెల్లో చిన్న బుడ్డి దీపానికి కూడా నూనె దొరికేది కాదు. నేను పాలమూరు వాణ్ణి. హైదరాబాద్‌లో చదువు ముగించి, నల్లగొండ కచేరీలో చేరి మూడు నెలలైంది. అక్కడ పవర్‌హౌసు అంటే ఒక రేకుల షెడ్డు, అందులో ఒక డీజిల్ ఇంజను. ఇంజను దగ్గితే నాలుగు వీధుల దీపాలూ దగ్గేవి.

మా పై అధికారిని అందరం సాహెబ్ అనేవాళ్ళం. పొడుగాటి మనిషి, నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది. చెడ్డవాడు కాదు. కాని ఒక కాగితం మీద దస్కత్ చేశాడంటే అది ఇక దైవవాక్కు. ఆయన కింద ఇంజను చూసుకునే ముసలి మిస్త్రీ ఒకడు ఉండేవాడు. చదువు రాదు. ఇంజను మీద చెయ్యి పెట్టి, హకీం నాడి చూసినట్టు చూసి, ఎక్కడ నొప్పో చెప్పేవాడు. నలుగురిలో నన్ను "ఛోటే సాబ్" అనేవాడు. ఇద్దరమే ఉన్నప్పుడు "బేటా" అనేవాడు.

ఒకరోజు సాహెబ్ టేబుల్ మీదికి ఒక అర్జీ వచ్చింది. పంపింది ఆ పల్లె దొర. తన ఊరి చివర వాడలో ఒకడు సర్కారు అనుమతి లేకుండా గాలి పంఖాతో కరెంటు పుట్టిస్తున్నాడనీ, దానివల్ల ఊరికి ప్రమాదమనీ రాయించాడు. అసలు ప్రమాదం ఏమిటో మాకు తర్వాత తెలిసింది. గాసునూనె కరువుతో దొర ఉండే గడీలో సగం దీపాలు ఆరిపోయి ఉంటే, చివరి వాడలో కరెంటు బల్బు వెలుగుతోంది. అదీ ప్రమాదం.

"పోయి చూడు మియా," అన్నాడు సాహెబ్. "ఎంత కరెంటు పుట్టిస్తదో అంచనా కట్టుకొని రా."

కొలిచే సాధనం ఇవ్వలేదు. కచేరీ మొత్తానికి ఉన్న మీటరు పవర్‌హౌసు గోడకు బిగించి ఉంది. దాన్ని ఊడదీస్తే నాలుగు వీధులూ చీకటే. కాని నాకు ఆ కొరత కొరతలా అనిపించలేదు. నా దగ్గర పుస్తకం ఉంది. గాలి వేగం, రెక్కల వైశాల్యం తెలిస్తే ఎంత కరెంటు వస్తుందో లెక్క కట్టే సూత్రం అందులో ఉంది. ఆ సూత్రం వాడే అవకాశం ఈ జిల్లాలో ఇంకెవరికి వస్తుంది?

మిస్త్రీ ఇంజను తుడుస్తూ, "నేను గూడ రానా ఛోటే సాబ్?" అన్నాడు.

"లెక్కల పని గదా, నీకెందుకు తిప్పలు," అన్నాను. అది గౌరవంగా చెప్పాననే అప్పుడు అనుకున్నాను.

భువనగిరిలో బస్సు దిగి, బండి కట్టించుకుని ఆ వాడకు చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. పంఖా చేసినాయనకు నలభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, గోళ్ళలో ఇంజనాయిలు ఎప్పటికీ పోనంతగా ఇంకిపోయింది. పుట్టినప్పటి నుంచీ సొంత భూమి అంటూ లేని కుటుంబం. వాడ చివరి పాకలో ఆదివారం ప్రార్థనకు పోతారు. ఆయన సికింద్రాబాద్‌లో లారీ మరమ్మతు నేర్చుకున్నాడు. పెట్రోలు దొరక్క లారీ మూలపడితే, యజమాని నీకు కావలసింది విప్పుకొనిపో అన్నాడట. ఈయన డైనమో, బ్యాటరీ, దీపాలు విప్పుకొని నెత్తిన పెట్టుకుని ఊరికి వచ్చాడు.

గుండు మీద తాటిమొద్దు నిలబెట్టి, దాని మీద పంఖా బిగించాడు. వేపచెక్కతో చెక్కిన రెండు రెక్కలు, గాసునూనె డబ్బా రేకుతో తోక, సైకిలు చక్రం, దాని నుంచి డైనమోకు తోలుపట్టీ. చూస్తే ముచ్చట వేసింది. ఒక్క లోపం. అది తిరగడం లేదు. ఆకు కూడా కదలని మధ్యాహ్నం అది.

"ఎంత గాలికి తిరుగుతది?" అని అడిగాను.

"ఎంత గాలికేంది సారు! పక్కింటోళ్ళు గట్టిగ తుమ్మినా తిరుగుతది నా పంఖ," అన్నాడు.

ఆ రోజు తుమ్మేవాళ్ళు ఎవరూ దొరకలేదు. సరే, తాడు తెచ్చి రెక్కలు కొలిచాను. ఈ చివర నుంచి ఆ చివరకు ఎనిమిదడుగులు. రాసుకున్నాను.

ఆయన భార్య కల్లం నుంచి వచ్చింది. నెత్తి మీద చేట, జుట్టు నిండా జొన్న పొట్టు. ఇతరుల కల్లాల్లో కూలికి తూర్పార పట్టడం ఆమె పని.

"ఇంత తిప్పలు పడి దీపం ఎందుకమ్మా?" అని అడిగాను.

"నిరుడు చీకట్ల నన్ను తేలు కుట్టింది సారు. మూడు దినాలు నోట్ల నీళ్ళు పోసుకుంట కూసున్నడు ఈయన. గప్పటి సంది గీ పిచ్చి పట్టింది."

పంఖాయన తల వంచుకుని తోలుపట్టీ సర్దుతున్నాడు.

"జర ఆగరాదు సారు," అంది ఆమె. "పొద్దు వాలితె గాలి లేస్తది. గా యాళ్ళకే మేం చేట ఎత్తుతం. ఎంత గాలో మీ కండ్లతోని చూసిపోవచ్చు."

"లెక్కకు గాలి అక్కర్లేదమ్మా, పుస్తకం సాలు," అన్నాను.

ఈ మాట నేను నిజంగా అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

వాళ్ళింట్లో జొన్నరొట్టె, పుంటికూర తిన్నాను. సర్కారు మనిషి ఆ వాడలో కూర్చుని తినడం అప్పట్లో చిన్న విషయం కాదు. దొర గుమాస్తా వీధి మలుపులో నిలబడి చూస్తున్నాడని నాకు తెలుసు. ఆకలి ముందు గుమాస్తా కనిపించలేదు, అంతే.

భువనగిరికి తిరిగి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. మరో బస్సుకు చాలా సమయం ఉంది. ఈ ప్రాంతంలో గాలి ఎంతుంటుందో తెలుసుకుందామని కోట గుట్ట ఎక్కాను. పైకి చేరగానే గాలి ఒక్క తోపు తోసింది. నా రూమీ టోపీ ఎగిరి, ఎర్రటి కోడిపుంజులా గంతులేస్తూ గుట్ట అంచు దాటి పోయింది. నాకు టోపీ పోయిన బాధ కంటే సంతోషం ఎక్కువైంది. పుస్తకంలో పట్టిక తీసి చూశాను. ఇలాంటి గాలికి గంటకు ఇరవై రెండు మైళ్ళు. రాసుకున్నాను.

ఆ గుట్ట నాలుగు దిక్కులా అడ్డం లేని ఒంటిరాయి. పంఖా ఉన్నది పల్లంలో, ఇళ్ళ వెనక. ఈ తేడా నాకు తట్టలేదు. టోపీ లేని తల ఎండకు మాడినందువల్ల కావచ్చు.

కచేరీకి వచ్చి, రెండు రోజులు తలుపు వేసుకుని లెక్క కట్టాను. పన్నెండు వందల వాట్లు వచ్చింది. ఉర్దూలో అందంగా రాసి, పంఖా బొమ్మ కూడా గీసి ఇచ్చాను. రిపోర్టు చివర, మన జిల్లాలో ఇంతటి ప్రతిభ ఉండటం సర్కారుకు గర్వకారణం అని ఒక ముక్క తగిలించాను. పంఖాయనకు బహుమానం ఇస్తారని నా ఊహ.

సాహెబ్ చదివి, పాన్ ఒక దవడ నుంచి మరో దవడకు మార్చుకున్నాడు.

"క్యా బాత్ హై మియా! పన్నెండు వందలా! రెండు వందలు దాటిందంటే అది యంత్రం. యంత్రానికి సర్కారు ఇజాజత్ కావాలె. ఇజాజత్ లేదు గదా? జప్తు."

ఆ రెండు వందల హద్దు ఏ చట్టంలో, ఏ కాయిదాలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. సాహెబ్ చెప్పాడు కాబట్టి ఉంది. ఆయన అప్పటికప్పుడే రిపోర్టు మీద దస్కత్ చేసి హైదరాబాద్‌కు పంపించేశాడు. వచ్చే సోమవారం తానే స్వయంగా వెళ్ళి, పంచనామా రాసి, పంఖా దింపించుకుని వస్తానన్నాడు.

పుంటికూర పుల్లదనం ఇంకా నాలుక మీద ఉన్నట్టే ఉంది. నేరుగా షెడ్డుకు పోయి మిస్త్రీ పక్కన కూలబడ్డాను. సంగతంతా చెప్పాను. మిస్త్రీ మసిగుడ్డ పక్కన పెట్టి అడిగాడు.

"డైనమో ఎంతుంది బేటా?"

చేతులతో చూపించాను. చిన్న గుమ్మడికాయంత.

"లారీది గదా. గది ముక్కి మూలిగినా నూరు, నూటయాభై. పన్నెండు వందలు ఎట్ల వస్తయి? నువ్వు చెంబులకెల్లి చెరువు తీసినవ్ బేటా!" అని కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వుకు ఇంజను చప్పుడు కూడా వినబడలేదు.

నేను లెక్క మళ్ళీ తీశాను. మొదటి వరసలోనే దొరికింది. వృత్తం వైశాల్యం కట్టడానికి సగం కొలత, అంటే నాలుగడుగులు, తీసుకోవాలి. నేను మొత్తం ఎనిమిదీ తీసుకున్నాను. ఆ ఒక్క పొరపాటుతో వైశాల్యం నాలుగింతలైంది. బడిపిల్లవాడు చేయని తప్పు. దిద్దితే మూడు వందల వాట్లు తేలింది. అది కూడా సాహెబ్ హద్దుకు పైనే ఉంది.

ఆయన దగ్గరికి పోయి, లెక్క తప్పిందని చెప్పాను. డైనమో సంగతీ చెప్పాను.

"వాడు మెకానిక్, డైనమో తీగ మార్చి చుట్టి ఉంటడు," అన్నాడు సాహెబ్. "ఇంకో మాట మియా. నా దస్కత్ పడ్డ అంకె నల్లగొండల కూసుంటె తగ్గదు. తగ్గాలంటె సోమవారం నా కండ్ల ముందట తగ్గాలె."

శనివారం నాడే నేనూ మిస్త్రీ ఆ వాడకు చేరాం. మిస్త్రీ ఎక్కడో అడిగి ఒక లారీ మీటరు, నాలుగు ముందుదీపాల బల్బులు సంపాదించాడు. జరిగిందంతా పంఖాయనకు చెప్పి, భయపడకు, నీ పంఖా నూరు వాట్లు కూడా ఇవ్వదని రుజువు చేస్తే చాలు అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది.

"నూరు గూడ ఇయ్యదా? నా పంఖనా? ఎవరన్నరు?"

"నేనే."

"గా పన్నెండు వందలు అన్నది గూడ మీరే గద సారు. పెద్ద సదువు సదివి రాసిన్రు. గదే ఉండనియ్యున్రి."

"ఉంచితే ఎత్కపోతరంటున్నరు గదనయ్యా!" అంది భార్య.

"ఎత్కపోతె పోనీ. పన్నెండు వందలని ఎత్కపోతరు గద!"

వాటు అంటే ఏమిటో ఆయనకు తెలియదు. కాని పన్నెండు వందలు అంటే ఏమిటో తెలుసు. ఆ అంకె తన పంఖాకు వచ్చిన పట్టా అనుకున్నాడు. దాన్ని తీసేసుకోవడానికి వచ్చిన దొంగల్లా కనిపించాం మేమిద్దరం. గుండు అవతలికి పోయి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

పొద్దు వాలింది. గాలి లేచింది. ఆమె చెప్పిన వేళకు, చెప్పినట్టే. పంఖా మెల్లగా ఊపందుకుంది. ఆమె నన్ను కల్లానికి తీసుకుపోయి, చేట ఎత్తి గింజలు వదిలింది. గింజలు కాళ్ళ దగ్గర పడ్డాయి, పొట్టు ఐదారు అడుగుల అవతల కుప్పగా పడింది.

"గిది మంచి గాలి సారు. తూర్పారకు గింత సాలు. ఆషాఢంల ఇంకింత ఉంటది, గప్పుడు పొట్టు చెల్క దాటిపోతది. సాలా దినాలు మటుకు గింతే."

"దీన్ని మైళ్ళల్ల ఎట్ల చెప్పాలె?" అని నాలో నేను గొణుక్కున్నాను.

ఆమె పక్కనున్న బూరుగు కాయ చిదిపి, ఒక దూది పింజ గాలిలోకి వదిలి నా వైపు చూసింది. "దీనెంబడి ఉరుకున్రి. అందితె మీ అంత గాలి, అందకపోతె మీకంటె ఎక్కువ."

మా పుస్తకం రాసినాయనకు ఇది తెలిసి ఉంటే పట్టిక అచ్చు వేయించేవాడు కాదు. షేర్వానీ గుండీలు విప్పి ఉరికాను. మిస్త్రీ గడియారం పట్టుకుని లెక్కపెట్టాడు. మొదటి పింజ కంపలో చిక్కుకుంది. రెండోదాని వెంట పోతూ నేనే గడ్డివామిలో పడ్డాను. అప్పటికి వాడంతా కల్లం గట్టున చేరింది. సర్కారు సారు దూది కోసం ఉరుకుతున్నాడంటే చూడకుండా ఎవరుంటారు? ముసలివాళ్ళు కూడా "ఎడమకు సారు, ఎడమకు!" అని దారి చెబుతున్నారు. నాలుగో పింజతో కలిసి నూరు గజాల దాకా ఉరికాను. అది నన్ను దాటలేదు, నేను దాన్ని దాటలేదు. అడుగులు, సెకండ్లు లెక్క వేస్తే గంటకు పదకొండు మైళ్ళు.

నేను రాసినదానిలో సరిగ్గా సగం. గాలి సగమైతే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతవుతుంది. మూడు వందల్లో ఎనిమిదో వంతు అంటే నలభైకి కాస్త తక్కువ. గుండు దగ్గరికి ఉరికి, మీటరు బిగించి చూశాం. ముల్లు మూడు ఆంపియర్లు దాటి వణుకుతోంది. పన్నెండు వోల్టులతో హెచ్చిస్తే నలభై.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం ఆ తర్వాత ఏ సబ్‌స్టేషను కట్టినా కలగలేదు. నా కాగితమూ, మీటరు ముల్లూ, ఒక ఆడకూతురి చేటా ఒకే మాట చెప్పాయి. గుండు అవతలి మనిషి మాత్రం ఇటు తిరగలేదు.

సోమవారం సాహెబ్ బొగ్గు బస్సులో ముఖమంతా మసితో దిగాడు. వెంట పట్వారీ. దొర గుమాస్తా అప్పటికే గొడుగు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. గాలి శనివారం లాగానే ఉంది. ఒక బల్బు తగిలించాం. చక్కగా వెలిగింది. రెండోది తగిలించగానే రెండూ ఎర్రబడ్డాయి. నాలుగూ తగిలించేసరికి నాలుగు బీడీ ముక్కల్లా మినుకుమన్నాయి. సాహెబ్ వంగి మీటరు చూశాడు. మూడున్నర.

అప్పుడు గమనించాను. రెక్కల చివర్లు కొత్తగా ఉన్నాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక, ఎవరికీ చెప్పకుండా, పంఖాయన ఒక్కో రెక్కకు జానెడు చెక్క అతికి మేకులు కొట్టాడు. ఇరుసుకు ఆముదం పూశాడు. ఆయన గుండు పక్కన చేతులు కట్టుకుని, ఆకాశం వైపు చూస్తూ పెదవులు కదిలిస్తున్నాడు. గాలి కోసం ప్రార్థన చేస్తున్నాడు! ఆయన పక్కనే నేను గాలి వద్దని ప్రార్థిస్తున్నాను. ఇద్దరి మొరలూ ఒకేసారి అందితే పైవాడు ఆయన మాటే విన్నాడు.

పడమటి నుంచి సుడి లేచింది. పంఖా మూలిగి, ఒక్కసారి రెక్కలు కనబడనంత వేగం అందుకుంది. బల్బులు నాలుగూ భగ్గుమన్నాయి. ముల్లు ఐదు, ఎనిమిది, పదకొండు. నేను మనసులో హెచ్చవేస్తున్నాను. పదిహేడు దగ్గర రెండు వందలు దాటుతుంది.

"చూసిన్రా! చూసిన్రా సారు!" అని పంఖాయన ఎగురుతున్నాడు.

"ఆపయ్యా!" అని భార్య అరుస్తోంది. గాలిని ఆపమందో, ఎగరడం ఆపమందో తెలియదు.

ముల్లు పదమూడు తాకింది. అంతే. ఫట్టుమని ఒక చప్పుడు. జానెడు చెక్క ఊడి, గుమాస్తా గొడుగును చీల్చుకుంటూ పోయి పేడకుప్పలో దిగింది. పంఖా ఒంటికాలి మీద గెంతినట్టు గజగజలాడి నెమ్మదించింది. ముల్లు మూడు దగ్గరికి జారింది. బల్బులు మళ్ళీ బీడీ ముక్కలయ్యాయి. మిస్త్రీ పరుగున పోయి తోకను పక్కకు తిప్పి కట్టి పంఖాను ఆపాడు.

గుమాస్తా చిరిగిన గొడుగు మడిచి, సాహెబ్ ముందుకు వచ్చాడు.

"సాబ్, గీ లెక్క తగ్గుడు వెనక సంగతున్నది. మీ చిన్న సారు వీళ్ళింట్ల రొట్టె తిన్నడు. నేను కండ్లార చూసిన."

అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపు పంఖాయన భార్య ముందుకు వచ్చింది.

"తిన్నడు. ఎవరు కాదన్నరు? తిని పోయినంకనే గద పన్నెండు వందలు రాసిండు! మా రొట్టె తిని మా మీదనే గంత రాసినోనికి లంచం ఎవరిస్తరయ్యా?"

మొదట మిస్త్రీ నవ్వాడు. తర్వాత పట్వారీ. చివరికి సాహెబ్ నోట్లో పాన్ నిలవలేదు. పక్కకు తిరిగి ఉమ్మి, కళ్ళు తుడుచుకుని నన్ను అడిగాడు.

"మరి గా పన్నెండు వందలు యాడికెల్లి వచ్చినయి మియా?"

వాడంతా వింటుండగా చెప్పాను. సగం కొలతకు బదులు మొత్తం తీసుకున్నానని, ఊరి గాలికి బదులు కోట గాలి రాశానని, ఈమె ఆగమంటే ఆగలేదని. చెప్పడం అయిపోయాక, వారం రోజులుగా ఎవరో నెత్తిన పెట్టిన బండ దించినట్టు అనిపించింది. సాహెబ్ మీసం సవరించుకున్నాడు.

"తప్పు చేసినవ్. ఫికర్ లేదు, ఇంకా శానా చేస్తవ్," అన్నాడు. తర్వాత పట్వారీ వైపు తిరిగి, "రాయి. రెండు వందల లోపు. యంత్రం కాదు. ఆటబొమ్మ. ఇజాజత్ అక్కర్లేదు," అన్నాడు.

భార్య చేతులు జోడించింది. వాడలో వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు ముందుకు వచ్చాడు పంఖాయన.

"బొమ్మనా? బొమ్మ అని రాస్తరా? ఒద్దు. గట్ల రాస్తె నేను ఒప్పుకోను. ఎత్కపోన్రి, జప్తు చేసుకోన్రి. గంతె గని, బొమ్మ అనొద్దు!"

సాహెబ్ తన కొలువులో జప్తు వద్దని ఏడ్చినవాళ్ళను చూశాడు. చేయమని కొట్లాడేవాణ్ణి చూడటం అదే మొదలు. ఏం చేయాలో తోచక నా వైపు చూశాడు. నేను పట్వారీ దగ్గర కలం తీసుకుని, ఉర్దూలో ఒక వాక్యం రాశాను. తర్వాత దాన్ని తెలుగులో బిగ్గరగా చదివాను: "ఇది ఒక దీపానికి సరిపడే యంత్రం."

పంఖాయన రెండుసార్లు చదివించుకున్నాడు. "యంత్రం అని ఉన్నదా?" అని పట్వారీని విడిగా అడిగాడు. ఉందన్నాక తల ఊపాడు. సాహెబ్ దస్కత్ చేశాడు. మిస్త్రీ పోయి పేడకుప్పలోంచి చెక్క ముక్క తీసి, కడిగి, ఆయన చేతిలో పెట్టాడు.

ఇక్కడితో ముగిసి ఉంటే నా ఉద్యోగ జీవితంలో ఇది ఒక ముచ్చటైన మచ్చగా మిగిలేది. కాని కాగితాలకు మనుషులకున్న బుద్ధి ఉండదు. ఇరవై ఏళ్ళు గడిచాయి. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, కచేరీలు ఆఫీసులయ్యాయి. నేను ఇంజనీరునై అదే ప్రాంతానికి వచ్చాను. పల్లెలకు లైన్లు వేస్తున్న రోజులు. ఆ పల్లెకు కరెంటు వచ్చి రెండేళ్ళయిందని, చివరి వాడకు మాత్రం రాలేదని తెలిసి, ఎందుకని జాబితా తెప్పించి చూశాను. ఆ వాడ పేరు ఎదురుగా, ఇదివరకే విద్యుత్తు ఉన్నది, సొంత ఉత్పత్తి, పన్నెండు వందల వాట్లు అని ఉంది.

పాత ఫైళ్ళు తవ్వించాను. నా మొదటి రిపోర్టు, బొమ్మతో సహా, యంత్రాల ఫైలులో భద్రంగా ఉంది. దాన్ని రద్దు చేసే రెండో కాగితంలో "దీపం" అనే మాట ఉంది కాబట్టి, ఎవరో దాన్ని వీధి దీపాల ఫైలులో కుట్టేశారు. ఒక జాబితా నుంచి మరో జాబితాకు, ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు నా తప్పు ఎక్కడా చెక్కుచెదరకుండా ప్రయాణం చేసింది. నేను చేసిన ఇంకే పనికీ అంత ఆయుష్షు లేదు.

జాబితా దిద్దించి, స్తంభాలు పంపించి, నేను కూడా వెళ్ళాను. గుండు మీద తాటిమొద్దు మాత్రం ఉంది. పంఖా ఏనాడో పోయింది. ఆ ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. నన్ను గుర్తుపట్టి గడప ముందు మంచం వాల్చారు. కూర్చోకుండానే సంగతి చెప్పాను. మీ వాడ రెండేళ్ళు చీకట్లో ఉన్నది నా వల్లనే, నా పాత లెక్క వల్లనే అన్నాను. తిడతారని గుండె రాయి చేసుకుని నిలబడ్డాను.

పంఖాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ముందుకు వంగాడు.

"అయితె సర్కారు కాయితంల ఇన్నేండ్ల సంది నా పంఖ పన్నెండు వందలే ఇచ్చిందా సారు?"

"ఇచ్చింది," అన్నాను.

"ఒక్క దినం గూడ ఆగలే?"

"ఒక్క దినం గూడ ఆగలేదు."

ఆయన ముఖం విప్పారింది. భార్య వైపు తిరిగి, "విన్నవానే?" అన్నాడు.

ఆమె విననట్టే, స్తంభం పాతడానికి వచ్చినవాళ్ళకు గుంట ఎక్కడ తవ్వాలో చూపిస్తోంది.